కాస్కేడియా తీరంలో పాత సునామీల జాడలు: ఎక్కడ ఏం చూశాం, ఎక్కడ ఉన్నాం

అమెరికా వాయవ్య తీరానికి వెళ్లేవాళ్లు మామూలుగా చూసొచ్చేవి లైట్‌హౌసులు, సముద్రంలో నిలబడ్డ పెద్ద పెద్ద రాళ్లు, సాయంత్రం పూట బీచ్. అదే 101 హైవే పక్కన, కారులో పోతూ చూస్తే గుర్తు కూడా పట్టలేని కొన్ని చోట్లు ఉన్నాయి. బురద గట్లు, ఎండిన మోడులు, ఇసుకలోంచి తలలు బయటపెట్టిన చెట్ల మొద్దులు. పాత భూకంపాలూ సునామీలూ తమ గుర్తులు వదిలి వెళ్లింది అక్కడే. మేం ఈసారి వాటి కోసమే వెళ్లాం. అన్నయ్య, వదిన, వాళ్ల అబ్బాయి, నేను. వాషింగ్టన్ రాష్ట్రంలో కోపాలిస్ దగ్గర మొదలుపెట్టి, తీరం వెంబడే దిగుతూ ఆరెగాన్‌లోని న్యూపోర్ట్ దాకా వెళ్లాం.

ముందుగా ఒక మాట. ఈ చోట్లలో కంటికి బాగా కనిపించేది ఒకటి, బాగా కాపాడబడుతున్నది ఇంకొకటి. అందరూ ఫోటోలు తీసుకునే చోటే అన్నిటికన్నా ఎక్కువ పాడవుతోంది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేనట్టుండే చోటు మాత్రం భద్రంగా ఉంది. ఎవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఈ తేడా తెలుసుకుని వెళ్లాలని నా కోరిక. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. కాస్కేడియా అని పిలిచే ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున హువాన్ ద ఫ్యూకా అనే భూఫలకం (భూమి పైపొరలోని పెద్ద పలక) ఉత్తర అమెరికా ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. కెనడాలోని వాంకూవర్ ద్వీపం నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా సుమారు 1000 కిలోమీటర్ల పొడవున్న ఈ పగులు 1700 జనవరి 26 రాత్రి దాదాపు 9 గంటలకు ఒక్కసారిగా జారింది. తీవ్రత 9కి అటూ ఇటూ. తీరం చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లు కుంగింది. ఆ వెనకే సునామీ వచ్చింది. అప్పటికి ఇక్కడ రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. స్థానిక తెగల కథల్లో సముద్రం ఊళ్లను ఎత్తుకుపోయిన రాత్రి గురించి ఉంది. గరుడపక్షి లాంటి థండర్‌బర్డ్‌కీ తిమింగలానికీ జరిగిన పోరాటంగా చెప్పుకుంటారు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే మిగతా సాక్ష్యమంతా మట్టిలో, చెట్లలో, పసిఫిక్‌కి అవతల ఉన్న జపాన్ ఊళ్ల రికార్డుల్లో దొరికింది.

కోపాలిస్ నదిలో పడవ మీద

మొదటి మజిలీ కోపాలిస్ నది ఘోస్ట్ ఫారెస్ట్. అంటే చచ్చి నిలబడిపోయిన అడవి. సియాటిల్ నుంచి కారులో రెండున్నర మూడు గంటలు. కోపాలిస్ బీచ్ అనే చిన్న ఊరి దగ్గర నీళ్లలోకి దిగి, నదికి ఎదురుగా కొన్ని మైళ్లు తెడ్డు వేసుకుంటూ పోవాలి. కయాక్‌లు అద్దెకిచ్చినవాళ్ల పని మాకు చాలా నచ్చింది. లైఫ్ జాకెట్లు సైజు చూసి మరీ ఇచ్చారు. డబ్బులు తీసుకునే ముందే ఆ రోజు పోటు ఎన్నింటికి మొదలవుతుందో కాగితం మీద రాసి చూపించారు. "పోటు మొదలయ్యాక బయల్దేరండి, నీళ్లే మిమ్మల్ని పైకి తీసుకెళ్తాయి. మళ్లీ నీళ్లు దిగడం మొదలవగానే తిరగండి" అన్నారు. ఈ ఒక్క సలహా లేకపోతే పిల్లాడితో ఆ ప్రయాణం మాకు చాలా కష్టమయ్యేది. సముద్రం వైపు వెళ్లొద్దని, నదీముఖం దగ్గర ప్రవాహం పడవను లాగేస్తుందని కూడా గట్టిగా చెప్పారు.

నది రెండు వంపులు తిరిగాక పచ్చటి గడ్డి మైదానం మధ్యలో బూడిద రంగు మోడులు కనిపిస్తాయి. కొమ్మల్లేవు, బెరడు లేదు. అవన్నీ వెస్టర్న్ రెడ్ సీడర్ అనే చెట్లు. 1700లో నేల కుంగి, ఉప్పునీరు వేళ్లకు తగిలి చచ్చిపోయాయి. మూడు వందల ఏళ్లు దాటినా ఇంకా నిలబడి ఉన్నాయంటే ఆ చెక్కకు చీకుడు అంత తొందరగా పట్టదు కాబట్టే. వాటితో పాటే చచ్చిపోయిన స్ప్రూస్ చెట్ల పై భాగాలు ఎప్పుడో కుళ్లిపోయాయి. వాటి మొద్దులు మాత్రం గట్టు కింద బురదలో, గాలి తగలని చోట మిగిలాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం వేళ్లది. నిలబడ్డ మోడుల్ని కోసి వలయాలు లెక్కపెడితే చెట్టు ఏ ఏడాది చచ్చిందో తేలదు. ఎండకూ వానకూ బయటి వలయాలు అరిగిపోయాయి. అందుకని శాస్త్రవేత్తలు బురదలోకి తవ్వి, బెరడు ఊడకుండా ఉన్న వేళ్లను తీశారు. ఈ తీరంలోని నదీముఖాల్లో అలా తీసిన వేళ్లలో చివరి వలయం 1699 నాటిది. 1700 వసంతంలో పెరగాల్సిన వలయం మొదలే కాలేదు. అంటే ఆ చెట్లు 1699 ఆగస్టుకూ 1700 మే నెలకూ మధ్య చచ్చిపోయాయన్నమాట. ఈ ఫలితం 1997లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే జపాన్ పరిశోధకులు తమ పాత రికార్డుల్లో భూకంపం లేకుండా వచ్చిన సునామీని పట్టుకుని, అది ఎక్కడ పుట్టిందో వెనక్కి లెక్కగట్టి, జనవరి 26 రాత్రి అని చెప్పారు. రెండూ కలిశాయి. బురదలో కూరుకుపోయిన వేరు సముద్రానికి అవతల గుమాస్తా రాసిన తారీఖుకు సాక్ష్యం పలికింది.

పోటు మీద వెళ్తే మోడులు బాగా కనిపిస్తాయి గానీ గట్టులోని పొరలు మునిగిపోతాయి. నీళ్లు దిగాక వెళ్తే పొరలు కనిపిస్తాయి, పడవ మాత్రం బురదలో కూరుకుపోతుంది. మేం పోటు ఎక్కువ ఎక్కకముందే చేరుకోవడం వల్ల రెండూ కొంత కొంత చూడగలిగాం. ఎవరైనా వెళ్తే అదే వేళ చూసుకోండి. పడవ తాళ్లు మోడులకు కట్టొద్దు. గట్టు అంచు ఎక్కొద్దు. ఆ అంచుల కింద నీళ్లు మట్టిని తినేసి ఉంటాయి. కాలు పెడితే గడ్డితో సహా పెళ్ల విరిగి ఏట్లో పడుతుంది, దాంతో పాటు మూడు శతాబ్దాల పొరలూ పోతాయి.

ఆ రాత్రి ఓషన్ షోర్స్‌లో ఒక మోటెల్‌లో ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది, సముద్రం చప్పుడు వినిపిస్తూ బాగుంది. నాకు అసంతృప్తి కలిగించింది వేరే విషయం. ఆ ఊరు మొత్తం సముద్రానికీ ఖాతానికీ మధ్య సన్నగా చాచుకున్న పల్లపు నేల. సునామీ వస్తే ఎటు పరిగెత్తాలన్నది అక్కడ అసలైన ప్రశ్న. గదిలో తలుపు వెనక నిప్పు అంటుకుంటే ఎటు పోవాలో పటం ఉంది గానీ సునామీ పటం లేదు. కౌంటర్‌లో అడిగితే ఆ అబ్బాయికి సరిగ్గా తెలియలేదు. మర్నాడు మేం దిగిన ఇంకో చిన్న వసతిలో మాత్రం మంచం పక్కనే లామినేట్ చేసిన పటం పెట్టారు. ఎత్తైన చోటుకు నడిచి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా రాశారు. గది పాతది, వైఫై అంతంతమాత్రం. అయినా నేను మార్కులు దానికే ఎక్కువ వేస్తాను. ఈ తీరంలో గది బుక్ చేసేటప్పుడు ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

వెస్ట్‌పోర్ట్, టోక్‌ల్యాండ్ మీదుగా

గ్రేస్ హార్బర్ ఖాతం చుట్టూ తిరిగి దక్షిణానికి వస్తే వెస్ట్‌పోర్ట్. అక్కడి ఒకోస్టా ప్రాథమిక పాఠశాలలో జిమ్ పైకప్పును సునామీ ఆశ్రయంగా కట్టారు. 2016లో తెరిచారు. అమెరికాలో ఇలాంటిది అదే మొదటిది. సుమారు వెయ్యిమంది పైన నిలబడొచ్చు. బడి కాబట్టి లోపలికి వెళ్లకుండా రోడ్డు మీద నుంచే చూశాం. ఇంకొంచెం దక్షిణాన టోక్‌ల్యాండ్ దగ్గర షోల్‌వాటర్ బే తెగవాళ్లు 2022లో పూర్తి చేసిన టవర్ ఉంది. 50 అడుగుల ఎత్తు, నాలుగు వందల మందికి పైగా పడతారు. ఈ రెండూ దర్శనీయ స్థలాలు కావు. ఆగి చూడ్డం మాత్రం మంచిది. గట్టులో కనిపించే ఇసుక గీతను నమ్మి మనుషులు డబ్బు పెట్టి కట్టుకున్నవి ఇవి. పాత పొరల్ని కాపాడ్డం ఎందుకని అడిగేవాళ్లకు ఇంతకన్నా తేలికగా చెప్పలేం.

నయావియాకమ్: ఒక గీత కోసం

విల్లపా ఖాతంలోకి వచ్చి కలిసే చిన్న ఏరు నయావియాకమ్. బే సెంటర్ అనే ఊరికి దగ్గర్లో 101 హైవే దాని మీదుగా పోతుంది. వంతెన దాటడానికి పది సెకన్లు కూడా పట్టదు. చుట్టూ ఉప్పునీటి గడ్డి మైదానం, మధ్యలో మెలికలు తిరిగే ఏరు, రెండు వైపులా బురద గట్లు. అంతే. ఈ యాత్రలో నేను ఎక్కువగా ఎదురుచూసింది దీని కోసమే.

1986లో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన బ్రయన్ అట్‌వాటర్ ఈ రాష్ట్ర తీరంలోని చిత్తడి నేలల్లో వెతకడం మొదలుపెట్టారు. ఇలాంటి గట్లలో కనిపించినవాటి గురించి 1987లో సైన్స్ పత్రికలో రాశారు. అప్పటిదాకా ఈ తీరంలో అంత పెద్ద భూకంపాలు వస్తాయా రావా అన్న దాని మీద శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు. గట్టులో మట్టిని చూశాక అనుమానం పోయింది. 1990ల్లో ఈ ప్రాంతంలో భవన నిర్మాణ నిబంధనలు కఠినమయ్యాయి.

నీళ్లు బాగా దిగిన వేళ పడవలో గట్టు పక్కకు చేరాం. పైన ఇప్పటి గడ్డి, దాని వేళ్లు. కిందికి వస్తూ ఉంటే బూడిద రంగు బురద, మెత్తగా, సన్నటి పొరలు పొరలుగా. ఇంకా కిందికి వెళ్లాక ఒక్కసారిగా రంగు మారుతుంది. ముదురు గోధుమ రంగు మట్టి, చచ్చిన ఆకులూ వేళ్లూ కలిసినది. అది 1700 జనవరి 26న జనం నడిచిన నేల. ఆ నల్లటి మట్టికీ పైన బూడిద బురదకీ మధ్య సన్నటి ఇసుక పొర. కొన్నిచోట్ల వేలెడు, కొన్నిచోట్ల అంతకన్నా పలచన. సునామీ సముద్రం వైపు నుంచి మోసుకొచ్చిన ఇసుక అది. ఆ పొరలో అప్పటి గడ్డి కాడలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే పక్కకు వాలి ఉన్నాయి. వేళ్లు మాత్రం కింది నల్ల మట్టిలోనే నాటుకుని ఉన్నాయి. గడ్డి పెరిగిన చోటే పడుకుంది, ఇసుక దాన్ని అలాగే కప్పేసింది. నిదానంగా నీళ్లు పెరిగి ఉంటే ఇలా జరగదు. గడ్డి కుళ్లి పోయేది.

"ఈ గీత కోసమా పొద్దున్నే లేపావు" అంది వదిన. అన్నయ్య నవ్వాడు. నేను ఆ కాడల్ని చూపించాను. తర్వాత అక్కణ్ణుంచి కదలనిది వదినే. అబ్బాయి మాత్రం "అత్తా, ఇంకా కింద ఏముంటుంది?" అని అడిగాడు. అది సరైన ప్రశ్న. కింద ఇలాంటి నేలలే ఇంకా ఉన్నాయి. విల్లపా ఖాతం చుట్టూ గత 3500 ఏళ్లలో ఇలా ఏడుసార్లు నేల కుంగి మునిగినట్టు పొరలు చెబుతున్నాయి. శాస్త్రవేత్తలు వాటికి ఇంగ్లిష్ అక్షరాలు పేర్లుగా పెట్టుకున్నారు. 1700 నాటిది వై, దాని కిందిది డబ్ల్యు, తర్వాత యు, ఎస్, ఇలా. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య ఎడం ఒకేలా ఉండదు. కొన్నిసార్లు రెండు మూడు వందల ఏళ్లు, కొన్నిసార్లు వెయ్యి దాకా. వచ్చేది ఎప్పుడని ఎవరూ తారీఖు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

కాపాడ్డం గురించి నా ఆలోచన మారింది ఇక్కడే. అక్కడ కూర్చుని చూస్తుంటే గట్టు నుంచి చిన్న చిన్న మట్టి పెళ్లలు జారి నీళ్లలో పడుతూనే ఉన్నాయి. నీళ్లు ఎక్కే పోటూ, దిగే పాటూ రోజుకు రెండేసి సార్లు కోస్తాయి. ఆ కోత వల్లే పొరలు బయటపడి మనకు కనిపిస్తున్నాయి. ఆ కోత వల్లే పోతున్నాయి కూడా. గట్టుకు రాళ్లు పేర్చి, సిమెంటు పోసి కోత ఆపితే పొర భద్రంగా ఉంటుంది గానీ ఎవరికీ కనిపించదు. వదిలేస్తే ఈరోజు మేం చూసిన ముఖం ఇంకొన్నేళ్లలో ఉండదు. పాత కోటనో గుడినో కాపాడినట్టు కంచె వేసి, బోర్డు పెట్టి ఇలాంటి చోటును కాపాడలేం.

మరేం చేయాలి? ఇక్కడ చేసిందే చేయాలి. ఈ ఏటి పరిసరాల్ని వాషింగ్టన్ రాష్ట్ర సహజ వనరుల శాఖ సహజ ప్రాంత రక్షిత స్థలంగా ప్రకటించి ఉంచింది. అలాంటి స్థలాల కోసం ఆ రాష్ట్రంలో 1972 నుంచి చట్టం ఉంది. పరిశోధనకూ చదువుకూ అవకాశం ఉంటుంది, మామూలు పార్కులా జనం తిరగడానికి కాదు. ఏటి అంచుతో పాటు దాని వెనక ఉన్న చిత్తడి మొత్తం అలాగే ఉంటుంది. కట్టలు వేయరు, పూడ్చరు, ఇళ్లు లేవవు. కాబట్టి ఏరు ఇవాళ ఒక ముఖాన్ని తినేసినా, రేపు దాని వెనక అదే పొర కొత్తగా బయటపడుతుంది. అసలు నిల్వ అంతా ఇంకా కోత పడని చిత్తడి లోపల ఉంది. ఇంకో ముప్పై ఏళ్లకు ఇప్పుడు లేని పరికరాలతో వచ్చేవాళ్లకు అది దొరకాలి. చూడ్డానికి ఏమీ లేనట్టున్న ఈ చోటే అన్నిటికన్నా బాగా కాపాడబడుతోందని మొదట చెప్పింది ఇందుకే.

దీనికి ఉన్న పెద్ద ముప్పు సముద్ర మట్టం పెరగడం. చిత్తడి వెనక్కి జరగడానికి చోటుంటే బతుకుతుంది. వెనక రోడ్డో కట్టో అడ్డం ఉంటే మునిగిపోతుంది, ఇక పాటు వేళ కూడా పొరలు బయటపడవు.

ఇక్కడికి వెళ్లేవాళ్లు రక్షిత స్థలం నియమాలు ముందే అడిగి తెలుసుకోండి. పడవలోంచి దిగకుండా చూడండి. పార ఒకటి పట్టుకెళ్లి గట్టును చెక్కి ఫోటో తీసే పని వద్దు. పరిశోధకులు కూడా చెక్కుతారు నిజమే, అయితే వాళ్లు అనుమతి తీసుకుని, అవసరమైనంతే, కొలతలు రాసుకుంటూ చేస్తారు. చుట్టుపక్కల టాయిలెట్ లేదు, నీళ్లు దొరకవు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అన్నీ సౌత్ బెండ్ ఊళ్లోనే చూసుకుని రావాలి.

నెస్కోవిన్: అందరూ ఫోటో తీసే మొద్దులు

అస్టోరియా దగ్గర కొలంబియా నది మీద పొడవాటి వంతెన దాటితే ఆరెగాన్. ఈ రాష్ట్రంలో 1967 చట్టం వల్ల బీచ్‌లన్నీ ప్రజలవే, ఎవరూ ఆపరు. నెస్కోవిన్ చిన్న ఊరు. కారు ఆపుకోవడానికి చోటుంది, టాయిలెట్లు ఉన్నాయి. ప్రపోజల్ రాక్ అనే పెద్ద రాతిగుట్ట పక్కన వాగు దాటితే ఇసుకలో నల్లటి మొద్దులు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి సిట్కా స్ప్రూస్ అడవి. 1997-98 చలికాలం తుపానులు ఇసుకను తోడేయడంతో అవి బాగా బయటపడ్డాయి. చలికాలంలో, వసంతం మొదట్లో ఇసుక పలచబడి ఎక్కువ కనిపిస్తాయి. వేసవికి మళ్లీ ఇసుక కప్పేస్తుంది. అయితే నడి చలికాలంలో సముద్రం బాగా వెనక్కి వెళ్లేది చీకటి వేళ. అందుకని మార్చి నుంచి మే దాకా, పొద్దున పాటు ఉన్న రోజు చూసుకుని వెళ్తే సుఖం. వాగు లోతు తక్కువే గానీ నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి.

చూడగానే మనసు పట్టేసేది ఇదే. సముద్రం మధ్యలో అడవి అంటే ఎవరు ఆగరు? చూడ్డానికి తేలిక, పిల్లలకూ పెద్దవాళ్లకూ అందుబాటు. అందుకే దెబ్బ కూడా దీనికే. మేం ఉన్న కాసేపట్లోనే జనం మొద్దుల మీద ఎక్కి నిలబడి ఫోటోలు దిగారు. ఒక కుర్రాడు అంచు నుంచి చెక్క పేళ్లు పీకుతున్నాడు. వాళ్ల అమ్మగారికి వయసు చెప్పగానే పాపం కంగారుపడి వాడిని పక్కకు లాగారు. తెలియక చేసేదే ఎక్కువ. రెండు వేల ఏళ్లు ఇసుక కింద గాలి తగలకుండా ఉన్న చెక్క అది. బయటపడ్డాక మెత్తబడుతుంది, దాని మీద గుల్లలు, ఆల్చిప్పలు అతుక్కుంటాయి. అవి ఉన్నచోట కాలు పెడితే జీవాలూ చస్తాయి, చెక్కా చిట్లుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ అడవి చావుకు భూకంపమే కారణమని చాలామంది రాస్తారు. ఇసుకా నీళ్లూ నెమ్మదిగా కమ్ముకుని చచ్చి ఉండొచ్చని ఇంకొందరు పరిశోధకులు అంటారు. ఆ చర్చ ఇంకా తేలలేదు. తేలాలంటే ఆ వేళ్ల కింద మట్టి కదలకుండా ఉండాలి. చుట్టూ తొక్కి, పేళ్లు ఏరుకుపోయి, తేల్చే ఆధారాన్ని ముందే పోగొట్టుకుంటే ఎలా?

ఊరి ముందు అలలకు అడ్డంగా పేర్చిన బండరాళ్ల కట్ట ఉంది. ఇళ్లు కోతకు గురవుతుంటే వేసుకున్నది, వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ తీరానికి అడ్డుకట్ట వేస్తే ఇసుక కదలిక మారుతుంది, ఆ మార్పు మొద్దుల్నీ వదలదు. ఇళ్లనూ అడవినీ కలిపి ఆలోచించే పద్ధతి కావాలి. నా మటుకు నేను కోరేది ముందు ఇదొక్కటే: వాగు దాటే చోట, మొద్దులు కనిపించక ముందే, ఎక్కొద్దని, పీకొద్దని, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పే బోర్డు, పాటు వేళ జనం ఎక్కువగా వచ్చే వారాంతాల్లో ఒక వాలంటీర్. కంచె వేస్తే మొదటి తుపానుకే కొట్టుకుపోతుంది. చెప్పే మనిషి ఉంటే జనం వింటారు. ఆ తల్లి విన్నట్టే.

నెస్కోవిన్‌లో గదులు తక్కువ, వారాంతాల్లో దొరకడం కష్టం. మేం లింకన్ సిటీలో ఉన్నాం, కారులో అరగంట లోపే. గదులు బోలెడు, ధరల్లో రకాలున్నాయి. ఊరు సందడి ఎక్కువ. నిశ్శబ్దం కావాలనుకుంటే ఉత్తరాన పసిఫిక్ సిటీ చూసుకోండి.

సాల్మన్ నది: ఇసుక కింద పొయ్యి

నెస్కోవిన్ నుంచి కొంచెం దక్షిణానికి సాల్మన్ నది సముద్రంలో కలుస్తుంది. పర్యాటకుల జాబితాల్లో దీని పేరు పెద్దగా కనిపించదు. ఇక్కడి గట్టులో 1700 నాటి సునామీ ఇసుక కింద స్థానిక తెగలవాళ్లు నిప్పు రాజేసిన పొయ్యి గుంటలు దొరికాయి. నేల మీద నిప్పు, దాని మీద సునామీ ఇసుక, దాని మీద బురద. నయావియాకమ్‌లో గడ్డి పడుకోవడం చూశాం. ఇక్కడ పక్కనే మనుషులు ఉండేవాళ్లని తెలుస్తుంది. ఆ గుంటలు మాకు కనిపించలేదు, కనిపించాలని వెతకనూ లేదు. ఫెడరల్ భూముల్లో పురావస్తు అవశేషాల్ని తవ్వడం, తీసుకెళ్లడం 1979 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా అది ఆ తెగల పూర్వీకుల ఇల్లు, చేయి పెట్టకూడదు.

ఈ ప్రాంతాన్ని 1974లో అమెరికా కాంగ్రెస్ కాస్కేడ్ హెడ్ సీనిక్ రిసర్చ్ ఏరియాగా ప్రకటించింది. పశువుల మేత కోసం వెనకటివాళ్లు కట్టిన కట్టల్ని అటవీశాఖ 1978 నుంచి దశలవారీగా తొలగించింది. పోటు నీళ్లు మళ్లీ లోపలికి వచ్చాయి, చిత్తడి తిరిగి పెరిగింది. చేపల కోసం చేసిన పని ఇది. పొరలకూ మేలే. ఎండిపోయిన మట్టిలో పాత ఆకూ వేరూ గాలి తగిలి కుళ్లిపోతాయి, తడిలో ఉంటే నిలుస్తాయి. నైట్ పార్క్ దగ్గర పడవ దింపుకునే చోటు ఉంది, సౌకర్యంగా ఉంది. నీళ్ల మీద ఎండ పడే వేళ, జనం లేకుండా, ఈ యాత్రలో అన్నిటికన్నా ప్రశాంతంగా గడిచింది ఇక్కడే.

న్యూపోర్ట్‌లో ముగించాం

చూసిన వాటిని కలిపి అర్థం చేసుకోవాలంటే న్యూపోర్ట్‌లోని హ్యాట్‌ఫీల్డ్ మెరైన్ సైన్స్ సెంటర్ బాగుంటుంది. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లది. లోపల అలలు పుట్టించే తొట్టి దగ్గరే అబ్బాయి చాలాసేపు ఉండిపోయాడు. అక్కడే 2020లో కట్టిన గ్లాడిస్ వ్యాలీ భవనం ఉంది. సునామీ వస్తే బయటి ర్యాంప్ మీదుగా పైకప్పు మీదికి తొమ్మిది వందల మందికి పైగా ఎక్కొచ్చు. సిబ్బంది ఓపిగ్గా మాట్లాడారు. మట్టి పొరల్ని జిగురుతో గుడ్డకు అంటించి ఉన్నదున్నట్టు ఒలిచి మ్యూజియంలో పెట్టే పద్ధతి ఒకటుంది. గట్టులో పోయేది గోడ మీద మిగులుతుంది. ప్రతి నదీముఖం దగ్గరి బడిలో అలాంటిది ఒకటి ఉంటే, జనం బురదలో దిగి గట్టు చెక్కాల్సిన పనే ఉండదు.

ఇంకా దక్షిణానికి వెళ్లే తీరిక ఉన్నవాళ్లకు చార్ల్‌స్టన్ దగ్గర సౌత్ స్లూ ఉంది. 1974లో ఏర్పడిన ఈ రిజర్వ్ దేశంలో నదీముఖాల రక్షణకు పెట్టిన వాటిలో మొదటిది. నడక దారులు ఉన్నాయి కాబట్టి పడవ ఎక్కలేనివాళ్లకు నేను దీన్నే చెబుతాను.

నా ఎంపిక అడిగితే: ఒక్కరోజే ఉంటే కోపాలిస్. రెండు రోజులుంటే దానికి నయావియాకమ్ కలపండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నెస్కోవిన్, హ్యాట్‌ఫీల్డ్ చాలు. ఏది చూసినా ముందు ప్రభుత్వ సంస్థ నోవా వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల పట్టిక చూసుకుని, దాని చుట్టూ మిగతా ప్లాన్ వేసుకోండి. గది కూడా దాన్ని బట్టే బుక్ చేయండి. వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల్లో కారుకు రోజు పాస్ 10 డాలర్లు, ముందే తీసుకుంటే అక్కడ సిగ్నల్ లేక ఇబ్బంది పడరు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మారు బట్టలు, మంచినీళ్లు ఉండాలి. బూట్లు కారు ఎక్కే ముందు కడుక్కోవడానికి ఒక బకెట్ పెట్టుకుంటే ఇంకా మంచిది. నేల గట్టిగా ఊగితే సైరన్ కోసం ఎదురుచూడకండి. సామాను వదిలేసి సునామీ దారి చెప్పే నీలం బోర్డులు చూపించే వైపు ఎత్తుకు నడవండి.